పాత ఇంగ్లీషు దయ్యం కథల్ని తెలుగులో, శబ్దాలతో ఇంట్లోనే రికార్డు చెయ్యడం ఎలా? (మాది ఒడిశాలోని గుణుపురం)

ముందు హక్కుల సంగతి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్లకి కథ అందరిదీ అయిపోతుంది. ఇలాంటి భయం కథలకి పేరుపడ్డ అమెరికా రచయిత ఎడ్గార్ ఎలన్ పో పోయింది 1849లో, కాబట్టి బెంగ లేదు. కానీ ఈమధ్య ఎవరో చేసిన తెలుగు అనువాదం మాత్రం వాళ్లదే. మూలం చూసి మీరే రాసుకోండి, మీ ఊరి యాసలోనే. పత్రికల తెలుగులో దయ్యం పెద్దగా భయపెట్టదు.

శబ్దాల కోసం నెట్ వెతకడమెందుకు, పక్కనే వంశధార ఉండగా? రాత్రి ఒడ్డున ఫోన్ పెట్టి కదలకుండా కూర్చుంటే నీళ్లు, కీచురాళ్లు దొరుకుతాయి. మైకుకి స్పాంజి ముక్క అడ్డుపెట్టకపోతే గాలి హోరే మిగులుతుంది. వెంటపడే అడుగులకి ఎండుటాకుల మీద ఆగి ఆగి నడవండి. ఎముక విరగాలంటే మైకు దగ్గర కేరట్ పుటుక్కున విరిస్తే చాలు. కుక్క అరిస్తే విసుక్కోకండి, దాచుకోండి, ఎక్కడో పనికొస్తుంది.

గొంతు మాత్రం ఫ్యాన్ ఆపేసి, చుట్టూ బొంతలు వేలాడదీసిన గదిలో తియ్యండి. ప్రతిధ్వనిని తర్వాత కలపొచ్చు, ఒకసారి పడ్డాక తియ్యడం చాలా కష్టం. శబ్దాలు కత్తిరించి కలపడానికి కంప్యూటర్లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అదే సరిపోతుంది. నేపథ్యాన్ని గొంతు కంటే 15-20 డెసిబెల్స్ తగ్గించండి. అడుగులు వినబడే ముందు కీచురాళ్లని ఠక్కున ఆపేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

చివరగా ఫోన్ స్పీకర్లో కూడా వినండి. లోతైన గుర్రుమనే శబ్దాలు అందులో దాదాపు రావు, మీ చుట్టాలు వినేదేమో అందులోనే.