ట్రినిడాడ్‌లో కార్మిక దినోత్సవం జూన్ 19న ఎందుకు?

మే 1న కాకుండా జూన్ 19నే ఎందుకంటే, 1937లో ఆ రోజే ఈ కరీబియన్ దీవిలోని చమురు బావుల కూలీలు సమ్మెకు దిగారు. ధరలు మండిపోతుంటే జీతాలు మాత్రం అంతంతే. పైగా వర్ణవివక్ష. అక్కడి ఫైజాబాద్ పట్టణంలో (మన యూపీలోది కాదు) మాట్లాడుతున్న నాయకుడు యురయా బట్లర్‌ను అరెస్టు చేయబోతే జనం అడ్డుపడ్డారు. చార్లీ కింగ్ అనే పోలీసును తగలబెట్టేశారు. (అక్కడి కూడలిని ఇప్పటికీ చార్లీ కింగ్ పేరుతోనే పిలుస్తారు!) గొడవ చెరకు తోటలకూ పాకింది, బ్రిటిష్ యుద్ధనౌకలు దిగాయి.

తర్వాత ఏర్పడ్డ చమురు కార్మికుల యూనియన్‌కు తొలి అధ్యక్షుడు భారత సంతతి వ్యక్తే: కృష్ణ దేవనారాయణ్. అక్కడ ఆయన్ను రియెంజీ అంటేనే గుర్తుపడతారు. 1973 నుంచి జూన్ 19 జాతీయ సెలవు. ఏటా ఫైజాబాద్‌లో యూనియన్ల ఊరేగింపు ఉంటుంది.