పెబుల్ బీచ్ ఏడో హోల్: గజాలను కాదు, గాలిని చూసి క్లబ్బు తీయండి

బెంగళూరులో ఆడే అలవాటున్న తమకు కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ గోల్ఫ్ కోర్సు ఏడో హోల్‌కు శాండ్ వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపి తక్కువ దూరం పంపే క్లబ్బు, అంటే గోల్ఫ్ కర్ర) సరిపోతుందా అని చిత్తూరు నుంచి అడిగారు. నేను తిరుపతివాడిని, ఆటకు మీలాగే బెంగళూరు వెళ్తుంటాను. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ హోల్ ఆడిన అనుభవంతో చెబుతున్నాను.

స్కోరుకార్డు మీద 106 గజాల పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) అని ఉంటుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల అక్కడి పలుచని గాలిలో బంతి కాస్త ఎక్కువ దూరం పోతుంది, తీరంలోని చల్లని, బరువైన గాలిలో అదే దెబ్బకు కొన్ని గజాలు తగ్గుతుంది. అయితే గ్రీన్ (రంధ్రం ఉండే నున్నటి పచ్చిక) టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) కంటే బాగా దిగువన ఉంటుంది కాబట్టి ఆ లోటు చాలావరకు పూడిపోతుంది. ఇక మిగిలేది గాలి. అసలు పరీక్ష అదే.

నేను ఆడిన రోజు ఎదురుగాలికి జెండా కర్ర వంగిపోయి, గుడ్డ పటపటా కొట్టుకుంటోంది. అటువంటప్పుడు వెడ్జ్‌నే గట్టిగా కొట్టాలన్న ఆలోచన మానుకోవాలి. బలం పెరిగేకొద్దీ బంతికి వెనక్కి తిరిగే సుడి పెరుగుతుంది, ఆ సుడికి బంతి ఇంకా పైకి లేచి, గాలిలో వేగం చచ్చి, గ్రీన్ ముందున్న ఇసుకలో పడుతుంది. నేను వెడ్జ్ కంటే బంతిని తక్కువ ఎత్తులో, ఎక్కువ దూరం పంపే 8 ఐరన్ (ఐరన్ నంబరు తగ్గేకొద్దీ దూరం పెరుగుతుంది) తీసుకుని, గ్రిప్పు కిందికి పట్టుకుని, చేతులు ఛాతీ ఎత్తు దాటకుండా నెమ్మదిగా సగం స్వింగే చేశాను. బంతి తక్కువ ఎత్తులో వెళ్లి గ్రీన్ ఎడమ సగంలో ఆగింది, రెండు పట్‌లతో (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బలు) పార్ వచ్చింది.

గురి విషయంలో మాత్రం ఎంత జాగ్రత్త పడినా తప్పులేదు. కుడివైపునా, వెనకా పసిఫిక్ సముద్రం, చుట్టూ బంకర్లు (ఇసుక గుంటలు), మధ్యలో చాలా చిన్న గ్రీన్. సముద్రంలో పడితే పెనాల్టీ స్ట్రోక్ పోగా, మళ్లీ అదే కష్టమైన దెబ్బ కొట్టాల్సి రావచ్చు. ఎడమ బంకర్‌లో పడితే మహా అయితే ఒక స్ట్రోక్ నష్టం. అందుకే రంధ్రం కుడి అంచున ఉన్నా ఎడమ సగానికే గురి పెట్టండి. 1992 యూఎస్ ఓపెన్ చివరి రోజు పెనుగాలిలో అమెరికన్ గోల్ఫర్ టామ్ కైట్ ఇక్కడ 6 ఐరన్ వాడారు. బంతి గ్రీన్‌కు ఎడమవైపు తప్పిపోయినా, అక్కడి నుంచి చిప్ చేసి (చిన్న దెబ్బ కొట్టి) నేరుగా రంధ్రంలో వేసి బర్డీ (పార్ కంటే ఒక దెబ్బ తక్కువ) సాధించారు, ఆ టోర్నమెంటు గెలిచారు కూడా. తప్పినా మరో దెబ్బకు అవకాశం మిగిలే వైపు తప్పడమంటే అదే.

గాలి వెనకనుంచి వీస్తే అంతా తలకిందులవుతుంది. అప్పుడు వెడ్జ్‌నే ఎత్తుగా, మెత్తగా ఆడి గ్రీన్ ముందు అంచున దించాలి.

ప్రయాణానికి ఇంకా సమయం ఉంటే, మన ఆషాఢ గాలుల్లో ఏదైనా బీడు పొలంలో గాలికి ఎదురుగా నిలబడి, ఒకే వంద గజాల గుర్తుకు వెడ్జ్ నుంచి 7 ఐరన్ వరకు ఒక్కో క్లబ్బుతో సగం స్వింగులే కొట్టి, ఏది ఎక్కడ పడుతోందో రాసి పెట్టుకోండి.