ముద్దకో వీడియో

ప్రశ్న: డాక్టరమ్మగారూ, మా మనవడికి రెండేళ్ల ఏడు నెలలు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్తే పగలంతా నా దగ్గరే ఉంటాడు. ఫోనులో వీడియో పెడితే తప్ప ముద్ద మింగడు. ఇంగ్లీషులో రంగులు, అంకెలు గడగడా చెబుతాడు గానీ ‘నీళ్లు’ అని అడగడు. నా చెయ్యి పట్టుకుని బిందె దగ్గరకు లాక్కెళ్తాడు. మొన్న కార్టూనులో చూసినట్టే ఎగిరి పక్కింటి పాపను తన్నాడు. అంతా ఫోను వల్లేనని కోడలు అంటుంది. వాళ్ల నాన్న కూడా మూడేళ్లకు గానీ మాట్లాడలేదని నేనంటాను. తప్పు నాదేనా?
– ఒక నానమ్మ, తెనాలి

జవాబు: నానమ్మగారూ, అత్తాకోడళ్ల తగవు తరవాత తీర్చుకోవచ్చు. ముందు వాడి చెవులు పరీక్ష చేయించండి. రెండేళ్లు దాటాక రెండేసి మాటలు కలిపి చెప్పని పిల్లవాణ్ని ‘నాన్న పోలిక’ అని వదిలేయకూడదు. వచ్చిన మాటను అవసరానికి వాడకపోవడం, చెయ్యి పట్టి లాక్కెళ్లడం కలిసి కనిపిస్తే మేము ఆటిజం, అంటే నలుగురితో మాట కలపడం, మెలగడం కష్టమయ్యే ఎదుగుదల తేడా, కోసం కూడా చూస్తాం. చూస్తామంటే ఉన్నట్టు కాదు. నేరమంతా ఫోను మీద మోపి పరీక్షకు వెళ్లకపోతేనే నాకు భయం. చాలా జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదలలో ఇలాంటి ఇబ్బందులను తొందరగా గుర్తించి సాయం చేసే డీఈఐసీ అనే విభాగం ఉంది.

ఇక ఫోను సంగతి. 2003లో సియాటిల్‌లో తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు పన్నెండుసార్లు చైనా భాష వినిపించారు. ఎదురుగా కూర్చుని ఆడించిన మనిషి దగ్గర విన్నవాళ్లు ఆ భాష ధ్వనుల్లో తేడా పట్టారు. అదే ఆటపాటలు టీవీలో చూసినవాళ్లకు ఏమీ అంటలేదు. టీవీ పిల్లవాడి కళ్లలోకి చూడదు, వాడు ‘ఊఁ’ అంటే ఆగదు. మీవాడికి రంగుల పేర్లు వచ్చి ‘నీళ్లు’ రాకపోవడంలో ఇదీ ఒక కారణం కావచ్చు. అందుకే మనుషులు ఎదుట కనిపించి బదులు పలికే వీడియో కాల్‌ను మాత్రం నేను వద్దనను. మీ సీరియల్ మాటేమిటని కూడా అడుగుతున్నాను, కోపగించుకోకండి. టీవీ మోగే ఇంట్లో పెద్దల నోటి మాటే తగ్గిపోతుంది.

తన్నడం గురించి. స్టాన్‌ఫర్డ్‌లో బందూరా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1963లో, పెద్దవాళ్లు గాలిబొమ్మను కొడుతున్న ఫిల్ములు చిన్నపిల్లలకు చూపించాడు. ఒకదానిలో మనిషికి నల్లపిల్లి వేషం కూడా వేశాడు. తరవాత పిల్లలు అదే బొమ్మను అదే తీరులో బాదారు. ఆ బొమ్మ కొట్టడానికే చేసినది కాబట్టి దానితో పిల్లలు రౌడీలవుతారని తేలిపోదు. అనుకరణ మాత్రం నిజం. మీవాడు పాప మీద పగతో తన్నలేదు, నేర్చుకున్నది చేసి చూపించాడు. వాడి కాలు పట్టుకుని ఆపి, ‘పాపకు నొప్పి’ అని రెండే మాటలు చెప్పండి. ఆ కార్టూను ఇక పెట్టకండి.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంట భోజనం వేళ మాత్రం కాకూడదు. మొదటి మూడు నాలుగు రోజులు పళ్లెం తోసేస్తాడు, ఏడుస్తాడు. ఒక పూట నాలుగు ముద్దలు తగ్గినా ఫరవాలేదు. ‘పప్పా, పెరుగా?’ అని అడిగి మనసులో పది లెక్కపెట్టండి. ఆ పది అంకెలూ మహా కష్టం. మనమే జవాబు చెప్పేస్తాం. నా మనవడికి జ్వరం మందు పట్టడానికి నేనూ ఫోను చూపించినదాన్నే, కాబట్టి మీకు శిక్ష వేసే అర్హత నాకు లేదు.

ఆసుపత్రికి వెళ్లేముందు వాడికి వచ్చిన మాటలన్నీ, తెలుగువీ ఇంగ్లీషువీ, ఒక కాగితం మీద రాసుకోండి. ఏ మాట ఎప్పుడు, ఎందుకు అంటాడో పక్కనే రాయండి. కోడలిని కూడా కూర్చోబెట్టుకుని రాయండి. మీరు వినని మాటలు రాత్రిపూట ఆమె విని ఉంటుంది.