సర్వైవల్ హారర్ గేములన్నిట్లో (చాలీచాలని సరంజామాతో ప్రాణాలు కాపాడుకునే భయానక గేములు) అదే భయం ఎక్కణ్ణుంచి వస్తుంది?

రాక్షసులు వేరు, కథలు వేరు, అయినా ఈ గేములన్నీ ఒకేలా ఎందుకు భయపెడతాయని అడిగారు. నాకు తెలిసినంతలో ఆ భయమంతా లెక్కలోంచి పుడుతుంది: చేతిలో ఎంత మిగిలింది, దేనికి ఖర్చుపెట్టాలి అన్న లెక్క.

నేను మొదట ఆడింది 1996 నాటి రెసిడెంట్ ఈవిల్. హాస్టల్లో, స్నేహితుడి పాత ప్లేస్టేషన్ మీద, క్రిస్ అనే పాత్రగా. క్రిస్ దగ్గర 6 వస్తువులకే చోటు. తుపాకీ, బుల్లెట్లు, గాయాలు మాన్పే మూలికలు, ఇంక్ రిబ్బన్ పెట్టుకుంటే తాళంచెవికి చోటు వెతుక్కోవాలి. సేవ్ చేయాలంటే టైప్‌రైటర్ దగ్గరికి వెళ్లాలి, సేవ్ చేసిన ప్రతిసారీ ఒక రిబ్బన్ ఖర్చు. ఒక రాత్రి నా దగ్గర ఒక్క రిబ్బన్, 5 బుల్లెట్లు మిగిలాయి. సేవ్ చేసి ముప్పావు గంటయింది. ఇరుకు నడవలో ఒక జాంబీ. కాల్చాలా, పక్కనుంచి తప్పించుకుపోవాలా? చేతులకు చెమట పట్టింది ఆ ఆలోచనకే.

పైగా అందులో కెమెరా మన చేతిలో ఉండదు. ఒక మూల నుంచి కదలకుండా చూస్తుంటుంది. మలుపు అవతల మూలుగు వినిపిస్తుంది, మనిషి కనిపించడు. 1999లో వచ్చిన సైలెంట్ హిల్ దీన్నే ఇంకో దారిలో చేసింది. దూరంగా ఉన్నవి గీసే శక్తి ప్లేస్టేషన్‌కి లేక ఊరంతా పొగమంచు కప్పారు. జేబులో రేడియో ఇచ్చారు. ఏదైనా దగ్గరికొస్తే అది గరగరమంటుంది, ఎటునుంచో మాత్రం చెప్పదు. ఈ రకం గేముల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచిన ఆలోచన ఆ రేడియోయే. హెడ్‌ఫోన్స్ లేకుండా ఆడకండి.

2010లో అమ్నీషియా అనే గేమ్ తుపాకీ పూర్తిగా తీసేసింది. అయినా లెక్క పోలేదు, బుల్లెట్ల బదులు లాంతరు నూనె వచ్చింది. చీకట్లో నిలబడితే మతి చెదురుతుంది, వెలుగులోకొస్తే రాక్షసుడి కంటపడతాం.

ఇక సేఫ్ రూమ్, అంటే శత్రువులు రాని, సేవ్ చేసుకునే గది. రెసిడెంట్ ఈవిల్‌లో ఆ గదిలోకి అడుగుపెట్టగానే మెత్తటి సంగీతం మొదలవుతుంది, భుజాలు దిగుతాయి. తలుపు తీసుకుని మళ్లీ బయటికి వెళ్లడమే కష్టం. 2014 నాటి ఏలియన్: ఐసోలేషన్ ఆ కాస్త ఊరటా ఉంచలేదు. సేవ్ మెషీన్‌లో కార్డు పెట్టి, లైట్లు ఒక్కొక్కటే వెలిగేదాకా నిలబడాలి. ఆ కొన్ని సెకన్లలో ఏలియన్ వెనకనుంచి వచ్చేయొచ్చు.

రెసిడెంట్ ఈవిల్ 4 నాకు ప్రాణం. కానీ అందులో చచ్చిన శత్రువులే బుల్లెట్లు వదిలిపోతారు, అందుకే ఈ భయం అంతగా లేదు.

ఆ రాత్రి నేను కాల్చలేదు. తప్పించుకుని వెళ్లిపోయాను. 5 బుల్లెట్లూ మిగిలాయి. కానీ అదే నడవ గుండా ఇంకో నాలుగుసార్లు తిరిగి రావాల్సి వచ్చింది, ఆ జాంబీ అక్కడే ఉంది.