యుద్ధ సమయంలో విధుల్లో చనిపోయిన మహిళా పైలట్లలో మీకు బాగా గుర్తుండిపోయినవారు ఎవరు?

అమెరికా పైలట్ కార్నీలియా ఫోర్ట్. నాకైతే ఆలోచించాల్సిన పనే లేదు.

మేం డాలస్‌లో ఉంటాం. రెండేళ్ల కిందట మా అమ్మాయిని తీసుకుని ఐ-20 హైవే మీద స్వీట్‌వాటర్ అనే ఊరికి బయల్దేరాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఆడవాళ్లకు సైనిక విమానాలు నడపడం నేర్పిన అవెంజర్ ఫీల్డ్ అక్కడే ఉంది, ఇప్పుడు వాళ్ల మ్యూజియం కూడా. అబిలీన్ దాటాక మెర్కెల్ అని చిన్న ఊరు వస్తుంది. 1943 మార్చి 21న కార్నీలియా విమానం కూలింది ఆ చుట్టుపక్కలే. లాంగ్ బీచ్ నుంచి డాలస్‌కు బీటీ-13 శిక్షణ విమానాన్ని చేరవేస్తుంటే, వెంట వస్తున్న ఇంకో విమానం చక్రాల భాగం ఆమె విమానం రెక్కకు తగిలింది. అప్పటికి ఆమెకు 24 ఏళ్లు.

రోడ్డు దిగి కారాపాను. ఎండిన గడ్డి, చెవుల్లో హోరుమనే గాలి, అంతే. "నాన్నా, శత్రువులు కాల్చేశారా?" అంది మా అమ్మాయి. కాదమ్మా, యాక్సిడెంట్ అన్నాను. "మరి యుద్ధంలో చనిపోయినట్టేనా?"

ఎందుకు కాదూ! ఈ మాటే ఆఫీసులో ఒకాయనతో అంటే "విమానాలు డెలివరీ చేయడమేగా" అని తేల్చేశాడు, ఒళ్లు మండిపోయింది. 1941 డిసెంబర్ 7 పొద్దున్న, హవాయిలోని పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసినప్పుడు, కార్నీలియా అక్కడే ఓ శిష్యుడికి పాఠం చెబుతూ గాల్లోనే ఉంది. ఎదురుగా దూసుకొస్తున్న విమానాన్ని చూసి, అతని చేతిలోంచి కంట్రోల్ లాక్కుని పైకి లేపింది కాబట్టి ఇద్దరూ బతికారు. రెక్కల మీద ఎర్రటి సూర్యుడి గుర్తు కనిపించాకగానీ అవి జపాన్ విమానాలని అర్థం కాలేదు. అంత చూసి కూడా మరుసటి ఏడాది సైన్యం విమానాలు చేరవేసే మహిళా దళం పెట్టగానే వెళ్లి చేరింది. చేరాలంటే ఆడవాళ్లకు 500 గంటలు నడిపిన అనుభవం ఉండాలి, మగవాళ్లకు 200 చాలు!

అలా విధుల్లో పోయిన అమెరికా మహిళా పైలట్లు యుద్ధం అయ్యేలోపు 38 మంది. కాగితాల మీద వాళ్లంతా సివిలియన్లు, కాబట్టి సైనిక లాంఛనాలు లేవు, పేటిక మీద జెండా కప్పే హక్కు లేదు. మృతదేహాన్ని ఇంటికి పంపడానికి తోటి పైలట్లే చందాలేసుకున్న సందర్భాలున్నాయి. వాళ్ల సేవను సైనిక సేవగా ఒప్పుకునే చట్టం 1977లో వచ్చింది. అప్పటికి ఎంతమంది తల్లులు మిగిలి ఉంటారు?

తిరిగొచ్చేటప్పుడు మళ్లీ మెర్కెల్ బోర్డు కనబడగానే మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టేసి, ఊరు దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.