కత్తి కంటే ముందు స్కానింగ్

శ్రీకాకుళం

అల్లుడూ,

నీ తొడలో గడ్డ సంగతి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కొవ్వు గడ్డే కదా, వచ్చే వారం కోయించేసుకుంటానన్నావట. ఆగు నాయనా. ముందు స్కానింగ్, తర్వాత సూది, ఆ తర్వాతే కత్తి.

ముప్పై ఏళ్ళు స్కానింగ్ గదిలో పనిచేసినవాణ్ణి. ఒక రైతుకి ఇలాగే కొవ్వు గడ్డని ఎక్కడో తీసేశారు. ముక్క పరీక్షలో సార్కోమా, అంటే కండ, కొవ్వు లాంటి మెత్తటి కణజాలంలో పుట్టే క్యాన్సర్ అని తేలాక మా దగ్గరికొచ్చాడు. పంచె మడిచి కుట్లు చూపించాడు. ఫిల్ముల్లో కోత మచ్చ ఏదో, మిగిలిన గడ్డ ఏదో విడదీయలేకపోయాం. రెండోసారి ఇంకా పెద్ద కోత పడింది.

చర్మం కింద వేలికి కదిలే చిన్న మెత్తటి గడ్డకి మామూలుగా అల్ట్రాసౌండ్ చాలు. 5 సెంటీమీటర్లు దాటినా, కండ లోపలున్నా, పెరుగుతున్నా ఎమ్మారై తీయాల్సిందే. నీది నిమ్మకాయంత ఉండేదల్లా కోడిగుడ్డంత అయిందట కదా.

ఎమ్మారై గదిలో గడ్డ మీద విటమిన్ ఇ గొట్టం మాత్ర అంటిస్తారు. బొమ్మలో అది తెల్లగా మెరిసి చోటు చూపిస్తుంది. కొవ్వు ఒక రకం బొమ్మలో తెల్లగా ఉండి, కొవ్వుని అణిచే రకంలో నల్లబడుతుంది. గడ్డ కూడా రెండింట్లోనూ అలాగే కనిపిస్తే మనసు సగం కుదుటపడుతుంది. పీచులాంటి తంతు కణజాలం ఎక్కువగా నల్లగానే కనిపిస్తుంది. ఆ పీచు కణజాలమే గడ్డకట్టే డెస్మాయిడ్ గడ్డల్లో అలాంటి నల్లటి పట్టీలుంటాయి. అవి వేరే అవయవాలకు పాకవు గానీ కండలోకి వేళ్ళూనుకుంటాయి, కోసినా మళ్ళీ రావచ్చు. అందుకే ఇప్పుడు చాలామందిని కోయకుండా కొన్నాళ్ళు స్కానింగులతో గమనిస్తున్నారు.

బొమ్మ చూసి అన్ని గడ్డలకీ పేరు పెట్టలేం. అనుమానముంటే సూదితో ముక్క తీయాలి. అది ఎమ్మారై అయ్యాకే, ఎందుకంటే సూది పోటుకి రక్తం చేరితే బొమ్మ చెదిరిపోతుంది. సూది ఎక్కడ దించాలో ఆపరేషన్ చేయబోయే డాక్టరే చెప్పాలి. అవసరమైతే ఆ దారిని కూడా గడ్డతో పాటు తీసేస్తారు. అంతవరకూ వస్తే విశాఖలో అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్దాం.

ఇంకొకటి, ఇది మరిచిపోవద్దు. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు నొప్పీ జాడా లేకుండానే ముదురుతుంది. బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే కాంట్రాస్ట్ సూది మందుకి ముందు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకో. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి ఎమ్మారైలో వాడే ఆ కాంట్రాస్ట్‌లో కొన్ని రకాల గడోలినియం మందుల వల్ల చర్మం గట్టిపడే జబ్బు వచ్చింది. రిపోర్టు ఆ గదిలోవాళ్ళ చేతికివ్వు.

ఎమ్మారై మిషన్ పెద్ద అయస్కాంతం, మొలతాడుకున్న తాయెత్తు ఇంట్లోనే తీసి పెట్టు. మిషన్ టకటకమంటుంది, కాలు మాత్రం కదపకు. సోమవారం ఉదయం కాంప్లెక్స్‌లో బస్సు దిగు, నేను అక్కడే ఉంటాను.

మీ మావయ్య