‘అమ్మ పడుకుంది. నేను చిన్నమ్మని’

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 46 ఏళ్లు. ఒక్కతే కూతురు, 20 ఏళ్లు, ఇక్కడే డిగ్రీ చదువుతోంది. తను పుట్టినప్పుడు నేను చెన్నైలో ఒక ప్రైవేటు కంపెనీలో పని చేసేదాన్ని. మా ఆయన తిరుపతిలో పెట్టిన షాపు నష్టపోయి అప్పులు మీదపడ్డాయి. సెలవులన్నీ అయిపోయాక, పదో నెలలో పాపను చిత్తూరు దగ్గర పల్లెలో మా అమ్మ దగ్గర వదిలాను. నాలుగేళ్లు అలాగే గడిచాయి. ప్రతి శనివారం రాత్రి బస్సెక్కి వెళ్లేదాన్ని. నన్ను చూడగానే పాప మా అమ్మ కొంగు వెనక దాక్కునేది. ఆదివారం మధ్యాహ్నానికి మెల్లగా నా ఒళ్లోకి చేరేది, అప్పటికి నా బస్సు టైమయ్యేది. మా అమ్మను ‘అమ్మ’ అనేది, నన్ను ‘చెన్నై అమ్మ’ అనేది.

పోయిన నెల మా అమ్మాయి వాళ్ల నాటక బృందం ‘టాప్ గర్ల్స్’ అనే ఇంగ్లిష్ నాటకాన్ని తెలుగు చేసి వేసింది. పెద్ద ఉద్యోగంలో ఉన్న ఒకామె, చిన్న వయసులో కన్న బిడ్డను అక్కకు ఇచ్చేసి ఊరు దాటిపోయిన కథ. ఆ బిడ్డ వేషం మా అమ్మాయిది. చివర్లో రాత్రిపూట నిద్రలోంచి లేచొచ్చి ‘అమ్మా?’ అని పిలుస్తుంది. కన్నతల్లి ‘అమ్మ పడుకుంది. నేను చిన్నమ్మని’ అంటుంది. పిల్ల ‘భయంగా ఉంది’ అంటుంది. లైట్లు ఆరిపోతాయి. అంతవరకు చూసి లేచి బయటికొచ్చేశాను. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా అవసరానికి మించి మాటల్లేవు. మా ఆయన ‘అమ్మతనాన్ని కించపరిచే నాటకాలు ఆడపిల్లలకెందుకు, మాన్పించు’ అంటున్నారు. వచ్చే నెల చిత్తూరులో మళ్లీ వేస్తారట. నాకు నిద్ర పట్టడం లేదు. నా కూతురు నన్నే స్టేజీ ఎక్కించిందా? నేను అంత తప్పు చేశానా?

జవాబు: అమ్మా, నాలుగేళ్లంటే రెండు వందల శనివారాలు. వారమంతా ఆఫీసు పని చేసి, బస్సెక్కి, ఏ అర్ధరాత్రికో చిత్తూరులో దిగి, అక్కడి నుంచి పల్లెకు చేరిన తల్లి మీరు. మీరేమో ‘వదిలాను’ అని రాశారు. ‘మా అమ్మ దగ్గర ఉంచాను’ అని కూడా రాయొచ్చు కదా. ఆ ఒక్క మాటలోనే మీరు మీ మీద తీర్పు రాసేసుకున్నారు. నాటకం చూడకముందే రాసుకుని ఉంటారు. అందుకే ఆ చివరి సీను అంత గట్టిగా తగిలింది.

ఆ నాటకం నాకు తెలుసు. కేరిల్ చర్చిల్ రాసిన ఆ నాటకాన్ని 1982లో లండన్‌లోని రాయల్ కోర్ట్ థియేటర్‌లో మొదటిసారి వేశారు. అంటే మీ అమ్మాయి చెప్పిన డైలాగులు ఆమెకంటే వయసులో పెద్దవి. మిమ్మల్ని చూసి ఎవరూ రాయలేదు. అయితే ఆ వేషం తనకెందుకు నచ్చింది, ఆ పిలుపు పిలిచేటప్పుడు తన మనసులో ఎవరున్నారు అనేది మీ అమ్మాయికే తెలుసు. అవ్వే ఉండొచ్చు. మీరే ఉండొచ్చు. మీరిద్దరూ కలిసిపోయిన ఎవరో ఉండొచ్చు. ఆమెను అడగకుండా దీనికి జవాబు మీ దగ్గరా దొరకదు, నా దగ్గరా దొరకదు.

ఆ సీనులో నన్ను పట్టుకున్న మాట ఒకటుంది. ఇంగ్లిష్‌లో ఆ తల్లి తాను ఆంటీనని చెప్పుకుంటుంది. ఆ మాటలో తల్లి వాసన ఎక్కడా లేదు, తలుపు మూసేసినట్టు ఉంటుంది. మీ పిల్లలు దాన్ని ‘చిన్నమ్మ’ అని తెలుగు చేశారు. మన భాషలో తల్లి చెల్లెలు చిన్నమ్మ, తల్లి అక్క పెద్దమ్మ. అమ్మను దాచాలని చెప్పిన అబద్ధంలోనే అమ్మ ఉంది! మన ఇళ్లలో ఒక బిడ్డకు ఇద్దరు ముగ్గురు అమ్మలు ఉండటం ఎంత మామూలో ఆ మాటే చెబుతోంది. మీ పాప కూడా మిమ్మల్ని ‘చెన్నై అమ్మ’ అంది. ఆంటీ అనలేదు, ఎవరో అనలేదు. ఇద్దరు అమ్మలున్న పిల్ల పెట్టుకున్న గుర్తు అది.

మన తిరుపతిలో ఈ మాట కొత్తగా చెప్పాల్సిన పని లేదు. వేంకటేశ్వరస్వామికి అమ్మ స్థానంలో ఉండి, ఆకాశరాజు దగ్గరికి పెళ్లి మాటలకు వెళ్లిన వకుళమాత ఆయన్ను కనలేదు. కృష్ణుణ్ణి పెంచి, ఆయన పెళ్లి చూడలేకపోయిన యశోదే వకుళగా పుట్టిందని మన పెద్దలు చెబుతారు. కన్న దేవకిని మాత్రం బిడ్డను పంపేసిందని ఎవరూ నిందించరు, ఆమె జైల్లో ఉంది కాబట్టి. మీ జైలు అప్పు. దానికి ఊచలు కనబడవు కనుక మీరూ దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. ఇంకొకటి కూడా గుర్తు చేసుకోండి. మీకు పాప పుట్టినప్పుడు చట్టం ఇచ్చిన ప్రసూతి సెలవు 12 వారాలు. అది 26 వారాలు అయింది 2017లో. మీరు జీతం పోగొట్టుకుని పదో నెల దాకా ఎలా లాక్కొచ్చారో మీకు తెలుసు, మీ కూతురికి తెలియకపోవచ్చు.

కొంగు వెనక దాక్కున్న పాప సంగతి చెప్పాలి, అది మిమ్మల్ని ఇన్నేళ్లూ కోస్తున్నట్టుంది. జేమ్స్ రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీ అనే ఇద్దరు లండన్‌లో తల్లికి దూరంగా ఆసుపత్రుల్లో ఉన్న చిన్నపిల్లల్ని చాలా కాలం గమనించారు. పిల్లలు మొదట ఏడుస్తారు, తర్వాత నీరసించిపోతారు, ఆ తర్వాత ఏమీ పట్టనట్టు ఉంటారు. తల్లి వచ్చినా మొహం తిప్పుకుంటారు. అమ్మ మీద ఆశ లేని పిల్ల అలా తిప్పుకోదు. అలిగే హక్కుందని తెలిసిన పిల్లే తిప్పుకుంటుంది. రాబర్ట్‌సన్ దంపతులు తర్వాత కొందరు పిల్లల్ని తమ ఇంట్లోనే పెట్టుకుని చూసుకున్నారు. ఒకే మనిషి దగ్గరుండి ప్రేమగా చూసుకున్న ఆ పిల్లలు అంతగా కుంగిపోలేదు. మీ పాపకు ఆ మనిషి ఉంది. పొద్దున లేస్తే అదే ఇల్లు, అదే ఒడి, అదే చేత్తో సంగటి ముద్ద. మీ అమ్మగారు ఇచ్చింది అది. పాపకు కష్టం కలగలేదని నేను చెప్పను. ప్రతి ఆదివారం సాయంత్రం కలిగే ఉంటుంది. కష్టం కలగడం వేరు, పాడైపోవడం వేరు.

ఇక మీ ఆయన మాట. నాటకం అమ్మతనాన్ని కించపరుస్తోందని ఆయన అంటున్నారు. ఈ మాట పాతదే. నార్వే రచయిత ఇబ్సెన్ 1879లో రాసిన ‘ఎ డాల్స్ హౌస్’ నాటకంలో నోరా భర్తనూ ముగ్గురు పిల్లల్నీ వదిలి తలుపేసుకుని వెళ్లిపోతుంది. జర్మనీలో ఒక నటి ‘నేనైతే నా పిల్లల్ని ఎన్నటికీ వదలను’ అని ఆ ముగింపు వేయనంది. చేసేది లేక ఇబ్సెన్ ఇంకో ముగింపు రాసిచ్చాడు, కానీ దాన్ని చివరిదాకా ఇష్టపడలేదు. నోరా గురించి ఇంత గొడవ జరిగింది. అదే నాటకంలో నోరాను పెంచిన ఆయా ఉంది. తన సొంత కూతుర్ని పరాయివాళ్లకు ఇచ్చేసి, నోరాను చూసుకునే పనికి కుదిరిన మనిషి. ఆమె గురించి అంత గొడవ ఎవరూ చేయలేదు. మన రాయలసీమ పల్లెల నుంచి ఎంతమంది తల్లులు పిల్లల్ని అవ్వల దగ్గర ఉంచి కువైట్‌లో పరాయి పిల్లలకు అన్నం తినిపిస్తున్నారో ఆలోచిస్తే నాకు ఆ ఆయానే గుర్తొస్తుంది.

‘టాప్ గర్ల్స్’ మొదటి అంకంలో వేర్వేరు కాలాల ఆడవాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని భోంచేస్తారు. వాళ్లలో గ్రిసెల్డా అనే ఆమె భర్త పరీక్ష పెట్టడానికి బిడ్డల్ని తీసుకుపోతే నోరు మెదపకుండా ఇచ్చేసింది. వందల ఏళ్లుగా అందరూ ఆమె ఓర్పును పొగిడారు. ఇంకొకామె దగ్గర తను కన్న బిడ్డల్ని ఎవరూ ఉండనివ్వలేదు. వాళ్లు చెప్పుకునేది చాలావరకు ఇదే, బిడ్డ కోసం ఎవరు ఏం పోగొట్టుకున్నారని. ఇందులో అమ్మకు అవమానం నాకెక్కడా కనబడలేదు. అమ్మ మోసిన బరువు కనబడింది. ఆ నాటకంలో 16 పాత్రలూ ఆడవాళ్లవే. తండ్రి స్టేజీ మీదికే రాడు. తిరుపతి నుంచి చిత్తూరు రెండు గంటల దారి. ఆ నాలుగేళ్లలో మీ ఆయన పాప దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లారో మీ ఉత్తరంలో లేదు. మరిచిపోయి ఉండొచ్చు. కానీ ‘నాన్న ఎందుకు రాలేదు’ అనే ప్రశ్న మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? నాటకం మాన్పించే ముందు ఆయన్ను ఒకసారి వెళ్లి చూసి రమ్మనండి. మాన్పించడం మాత్రం వద్దు. 20 ఏళ్ల పిల్ల నోట్లోని మాట లాక్కుంటే, అది మీ ఇంట్లో ఇంకెప్పటికీ బయటికి రాదు.

అమ్మాయితో మాట్లాడటం మీరే మొదలుపెట్టండి. ‘నన్నే చూపించావా’ అని అడగొద్దు, అలా అడిగితే ఆమె తప్పించుకోవాలని చూస్తుంది. ‘ఆరోజు నేను లేచి వెళ్లిపోయింది నీ నటన బాగోక కాదు, నువ్వు అమ్మా అని పిలిస్తే తట్టుకోలేకపోయాను’ అని చెప్పండి. చెప్పి ఊరుకోండి. ఆమె మాట్లాడితే వినండి. ‘నువ్వొచ్చినప్పుడల్లా నాకు కోపమొచ్చేది’ అన్నా సరే, వెంటనే అప్పుల లెక్క చెప్పొద్దు. ఆ లెక్క చెప్పాల్సిందే, ఇంకోరోజు చెప్పండి. అప్పు ఎంత, వడ్డీ ఎంత, మీ జీతమెంత, హాస్టల్‌కి ఎంత కట్టేవారు, అన్నీ అంకెలతో సహా. పెద్ద పిల్ల, అర్థం చేసుకుంటుంది. ‘నేను చెడ్డ తల్లిని’ అని మాత్రం ఏడవకండి. అలా అంటే ఆ పిల్ల తన బాధ మింగేసి మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ‘నీకు కష్టమైందని నాకు తెలుసు’ అంటే చాలు.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఇంకో వారం పది రోజులు ఇలాగే ఉంటే డాక్టర్‌ను కలవండి, లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంకొక మనిషి మిగిలారు. ఆ నాటకంలో బిడ్డను పెంచిన అక్క నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది. చెల్లెలి బిడ్డను పెంచే అలసటలో తన కడుపులో బిడ్డను పోగొట్టుకుంటుంది. అది చెల్లెలికి చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియదు. మీ అమ్మగారు ఆ నాలుగేళ్లలో ఏం పోగొట్టుకున్నారో మీరెప్పుడైనా అడిగారా? ఏ పెళ్లికి వెళ్లలేకపోయారో, ఎన్ని జ్వరాలు ఎవరికీ చెప్పకుండా పడ్డారో. పల్లెకు వెళ్లి రెండు రోజులుండండి, అడగండి.

చిత్తూరులో నాటకం వేసే రోజు ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లండి. కథ ముందే చెప్పండి, హఠాత్తుగా చూస్తే ఆవిడకు కష్టం. మోకాళ్ల నొప్పులుంటే వరస చివరి కుర్చీలు చూసుకోండి. ఈసారి లేచి వెళ్లిపోకండి. లైట్లు ఆరి మళ్లీ వెలిగాక, పిల్ల మేకప్ తుడుచుకోకముందే, అవ్వ చెయ్యి పట్టుకుని ఇద్దరూ కలిసి స్టేజీ వెనక్కి వెళ్లండి.